గులాబీ యుద్ధాలు

గులాబీ యుద్ధాలు 15వ శతాబ్దంలో ఇంగ్లండు సింహాసనం కోసం ఒకే రాజవంశానికి చెందిన రెండు శాఖల మధ్య జరిగిన అంతర్యుద్ధాలు. ప్లాంటాజెనెట్ వంశంలోని లాంకాస్టర్ శాఖ, యార్క్ శాఖ ఇందులో ప్రత్యర్థులు. 1455 మే 22న సెయింట్ ఆల్బన్స్ పట్టణంలో మొదటి పోరు జరుగగా, 1487 జూన్ 16న స్టోక్ ఫీల్డ్ వద్ద చివరిది జరిగింది. ఈ 32 సంవత్సరాలలో కిరీటం బలప్రయోగంతో ఐదు సార్లు చేతులు మారింది.

ఇవి దాయాదుల పోరాటాలు. ఇరుపక్షాల వారూ మూడవ ఎడ్వర్డు (పాలన 1327–1377) సంతతివారే. అన్న కుమార్తె సంతతికి రాజ్యంపై హక్కు ఎక్కువా, తమ్ముని కుమారుల సంతతికి ఎక్కువా అనేది వివాదంలోని మూలప్రశ్న. దీనికి ఆనాటి ఇంగ్లండు చట్టంలో స్పష్టమైన సమాధానం లేదు. అందువలన గెలిచినవాడు సింహాసనం ఎక్కిన తరువాత తన హక్కుకు తగిన వాదాన్ని పార్లమెంటు చేత శాసనంగా చేయించుకోవడం ఆనవాయితీ అయింది.

పేరు

ఈ యుద్ధాలు జరిగిన కాలంలో వీటిని ఎవరూ గులాబీ యుద్ధాలని పిలువలేదు. తెల్ల గులాబీ యార్క్ వంశీయుల చిహ్నాలలో ఒకటి. ఎర్ర గులాబీని లాంకాస్టర్ చిహ్నంగా విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చినది యుద్ధాలు ముగిసే దశలో రాజైన ఏడవ హెన్రీ. రెండు రంగులనూ కలిపిన ట్యూడర్ గులాబీ అతని రాజచిహ్నమైంది. యుద్ధభూమిలో సైనికులు ధరించినవి ఎక్కువగా తమ తమ ప్రభువుల ముద్రలు. వార్విక్ ప్రభువు అనుచరులకు ఎలుగుబంటి, కర్ర. మూడవ రిచర్డు అనుచరులకు తెల్ల అడవిపంది. లండనులోని ఒక తోటలో ప్రభువులు ఎర్ర, తెల్ల గులాబీలను కోసి పక్షాలు ఎంచుకున్న దృశ్యం షేక్స్పియర్ నాటకం వలన ప్రసిద్ధమైనది, కాని అది కవి కల్పన. 1829లో వెలువడిన వాల్టర్ స్కాట్ నవల తరువాత ఈ పేరు వాడుకలో స్థిరపడింది.

వివాదానికి మూలమైన వంశక్రమం

మూడవ ఎడ్వర్డుకు యుక్తవయస్సు వచ్చేవరకు జీవించిన కుమారులు ఐదుగురు. పెద్దవాడు "బ్లాక్ ప్రిన్స్"గా పేరొందిన ఎడ్వర్డు తండ్రికంటే ముందే 1376లో మరణించాడు. రెండవవాడు క్లారెన్స్ డ్యూకు లయొనెల్. మూడవవాడు లాంకాస్టర్ డ్యూకు జాన్ ఆఫ్ గాంట్. నాలుగవవాడు యార్క్ డ్యూకు ఎడ్మండు. ఐదవవాడు గ్లౌస్టర్ డ్యూకు థామస్. ఇక్కడి నుండి వచ్చే పేర్లలో ఎడ్వర్డులు, రిచర్డులు, హెన్రీలు పదేపదే కనిపిస్తారు. ఎవరు ఏ అన్నదమ్ముని సంతతి అన్నది గుర్తుంచుకుంటే తికమక తగ్గుతుంది.

పెద్ద కుమారుని కొడుకు రెండవ రిచర్డు 1377లో పదేళ్ళ వయస్సులో రాజయ్యాడు. అతనికి సంతానం కలుగలేదు. రెండవవాడైన లయొనెల్‌కు కుమారులు లేరు. ఫిలిప్పా అనే ఒక్క కుమార్తె ఉండేది. ఆమెను మార్చ్ ఎర్ల్ ఎడ్మండ్ మార్టిమర్ వివాహమాడాడు. స్త్రీ ద్వారా వచ్చే వారసత్వాన్ని అంగీకరించే పక్షంలో రెండవ రిచర్డు తరువాత సింహాసనం ఈ మార్టిమర్ కుటుంబానికే రావాలి. అంగీకరించకపోతే మూడవవాడైన జాన్ ఆఫ్ గాంట్ కుమారుడు హెన్రీకి రావాలి.

ఇందులో ఒక విచిత్రం ఉన్నది. ఫ్రాన్సు రాజకుమార్తె అయిన తన తల్లి ఇసబెల్లా ద్వారా ఫ్రాన్సు కిరీటం తనదేనని మూడవ ఎడ్వర్డు వాదించి నూరేళ్ళ యుద్ధానికి కారకుడయ్యాడు. ఫ్రాన్సు విషయంలో స్త్రీ ద్వారా హక్కు సంక్రమిస్తుందని యుద్ధం చేసిన వంశమే స్వదేశంలో లయొనెల్ కుమార్తె హక్కును కాదనవలసి వచ్చింది.

1399 నాటి సింహాసన మార్పు

రెండవ రిచర్డు 1398లో పినతండ్రి కుమారుడైన హెన్రీని దేశబహిష్కృతుని చేశాడు. మరుసటి సంవత్సరం జాన్ ఆఫ్ గాంట్ మరణించగానే లాంకాస్టర్ ఆస్తులన్నింటినీ స్వాధీనం చేసుకున్నాడు. తండ్రి ఆస్తి కుమారునికి చెందదంటే ఏ ప్రభువుకైనా భయం కలుగుతుంది. 1399 వేసవిలో రిచర్డు ఐర్లండులో ఉండగా హెన్రీ యార్క్‌షైరు తీరంలోని రావెన్‌స్పర్ వద్ద దిగి, తన వారసత్వపు ఆస్తి కోసమే వచ్చానని ప్రకటించాడు. ప్రభువులు అతనితో చేరారు. సెప్టెంబరు 30న రిచర్డు పదవీచ్యుతుడయ్యాడు. హెన్రీ నాలుగవ హెన్రీగా రాజయ్యాడు. రిచర్డు 1400 ఆరంభంలో పాంటిఫ్రాక్ట్ కోటలో బందీగా మరణించాడు.

అప్పటికి మార్టిమర్ వారసుడు ఏడేళ్ళ బాలుడు. అతని మాట ఎవరూ ఎత్తలేదు. నాలుగవ హెన్రీ తాను మూడవ ఎడ్వర్డు మనుమడినని చెప్పుకోలేదు. అలా చెబితే మార్టిమర్ బాలుని ప్రశ్న వస్తుంది. దానికి బదులు 13వ శతాబ్దపు మూడవ హెన్రీ వంశీయునిగా రాజ్యం కోరాడు. మూడవ హెన్రీ కుమారులలో ఎడ్మండే పెద్దవాడని, అతనిని పక్కన పెట్టి మొదటి ఎడ్వర్డును రాజును చేశారని ఒక కథ లాంకాస్టర్ పక్షంలో వినిపించేది. ఇది నిజం కాదు. ఎడ్వర్డు 1239లోనూ, ఎడ్మండు 1245లోనూ జన్మించారు. పైగా ఆ ఎడ్మండు వంశంతో నాలుగవ హెన్రీకి ఉన్న సంబంధం అతని తల్లి బ్లాంచ్ ద్వారా వచ్చినదే. స్త్రీ ద్వారా హక్కు రాదనే వాదానికి ఈ కథే అడ్డు తగులుతుంది.

కొత్త రాజు కుమారుడు ఐదవ హెన్రీ 1415లో అజింకూర్ వద్ద ఫ్రెంచి సేనను ఓడించి గొప్ప కీర్తి గడించాడు. విజయం కొనసాగినంత కాలం లాంకాస్టర్ హక్కును ప్రశ్నించినవారు నిలువలేకపోయారు. అజింకూర్ దండయాత్రకు బయలుదేరే ముందు మార్టిమర్ పక్షాన ఒక కుట్ర బయటపడి కేంబ్రిడ్జి ఎర్ల్ రిచర్డు శిరచ్ఛేదానికి గురయ్యాడు. ఇతడు నాలుగవ అన్నదమ్ముడైన యార్క్ ఎడ్మండు కుమారుడు. ఇతని భార్య ఆన్ మార్టిమర్, లయొనెల్ కుమార్తె ఫిలిప్పాకు మనుమరాలు. 1411లో జన్మించిన వీరి కుమారుడు యార్క్ డ్యూకు రిచర్డు. 1425లో మేనమామ ఎడ్మండ్ మార్టిమర్ సంతానం లేకుండా మరణించడంతో తల్లి వైపు నుండి రెండవ అన్నదమ్ముని హక్కు, తండ్రి వైపు నుండి నాలుగవ అన్నదమ్ముని హక్కు ఈ ఒక్క బాలునిలో కలిశాయి.

ఆరవ హెన్రీ పాలన

ఐదవ హెన్రీ 1422లో అకాలమరణం పాలైనప్పుడు అతని కుమారుడు ఆరవ హెన్రీ తొమ్మిది నెలల శిశువు. పెరిగి పెద్దవాడైన తరువాత ఇతడు దైవభక్తి, సౌమ్యత కలవాడుగా పేరు తెచ్చుకున్నాడు. ఈటన్ పాఠశాల, కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజి ఇతడు స్థాపించినవే. కాని ప్రభువుల తగాదాలను తీర్చగల దృఢత్వం ఇతనికి లేదు. అనుగ్రహించినవారికి భూములు, పదవులు ధారాళంగా ఇచ్చి ఖజానాను ఖాళీ చేశాడు. 1450లో నార్మండీ, 1453లో గాస్కనీ ఫ్రెంచివారి వశమయ్యాయి. కాలే రేవు తప్ప ఫ్రాన్సులో ఏమీ మిగలలేదు. 1450లో జాక్ కేడ్ నాయకత్వంలో కెంట్ ప్రాంత ప్రజలు తిరుగుబాటు చేసి లండనులో ప్రవేశించారు.

1453 ఆగస్టులో రాజుకు మతిభ్రమణం కలిగింది. దాదాపు పదహారు నెలలు అతడు ఎవరినీ గుర్తించలేదు. ఆ అక్టోబరులో జన్మించిన సొంత కుమారుని ఎదుట ఉంచినా చలించలేదు. రాణి మార్గరెట్ తనకే పాలనాధికారం కావాలని కోరినా, ప్రభువులు 1454 మార్చిలో యార్క్ డ్యూకును ప్రొటెక్టరుగా, అనగా రాజ్యసంరక్షకునిగా నియమించారు. ఆ సంవత్సరం చివర రాజు కోలుకోగానే యార్క్ తొలగింపబడి, అతని ప్రత్యర్థి సోమర్సెట్ డ్యూకు మళ్ళీ అధికారంలోకి వచ్చాడు. రాజు కోలుకోకపోయి ఉంటే యుద్ధం తప్పేదేమోనని కొందరు చరిత్రకారులు వ్యాఖ్యానించారు.

ప్రభువులు, వారి అనుచరులు

ఆనాటి ఇంగ్లండులో రాజుకు పెద్ద శాశ్వత సైన్యం లేదు. ఒక్కొక్క ప్రభువు జీతభత్యాలిచ్చి, తన ముద్ర గల దుస్తులు ఇచ్చి అనుచరులను పోషించేవాడు. వారు అతని పక్షాన పోరాడేవారు. వారికి వ్యాజ్యం వస్తే అతడు న్యాయస్థానంలో అండగా నిలిచేవాడు. జూరీలను బెదిరించడం సర్వసాధారణం. ఉత్తర ప్రాంతంలో నెవిల్, పెర్సీ కుటుంబాల మధ్య పాత పగ ఉండేది. నెవిల్లులు యార్క్‌తో చేరడం వలన పెర్సీలు రాణి పక్షం వహించారు. యార్క్ డ్యూకు భార్య సిసిలీ నెవిల్ ఇంటి ఆడపడుచు. ఆమె మేనల్లుడు వార్విక్ ఎర్ల్ రిచర్డ్ నెవిల్‌కు కాలే రేవులోని సైనికదళం చేతిలో ఉండేది. రాజ్యంలో వేతనం పుచ్చుకొని నిలకడగా ఉన్న పెద్ద దళం అదొక్కటే. తరువాతి కాలంలో ఇతనికి "కింగ్‌మేకర్" అనే పేరు వచ్చింది.

1455లో సెయింట్ ఆల్బన్స్ వీధులలో జరిగిన పోరు చాలా చిన్నది. చనిపోయినవారు నూరుమందికి మించరని అంచనా. కాని వారిలో సోమర్సెట్ డ్యూకు, పెర్సీ కుటుంబ పెద్ద అయిన నార్తంబర్లండు ఎర్ల్, క్లిఫర్డ్ ప్రభువు ఉన్నారు. ముగ్గురి కుమారులూ తండ్రుల ప్రాణాలకు బదులు కోరారు. 1458 మార్చిలో రాజు ఇరుపక్షాల చేత చేతులు పట్టించి లండనులోని సెయింట్ పాల్స్ చర్చికి ఊరేగింపుగా నడిపించాడు. రాణి చేయి యార్క్ డ్యూకు చేతిలో ఉన్నది. ఆ సఖ్యత నిలువలేదు. 1459 చివర కొవెంట్రీలో సమావేశమైన పార్లమెంటు యార్క్‌ను, అతని అనుచరులను రాజద్రోహులుగా ప్రకటించి ఆస్తులనూ, వాటిపై వారి సంతానానికి గల హక్కునూ రద్దు చేసింది. ఇట్టి శాసనాన్ని అటెయిండర్ అంటారు. ఇది వచ్చిన తరువాత యార్క్‌కు వెనుదిరిగే దారి లేకుండా పోయింది.

1460 అక్టోబరు: పార్లమెంటులో వారసత్వ వాదం

1460 జూలైలో నార్తాంప్టన్ వద్ద వార్విక్ గెలిచి రాజును బందీ చేశాడు. అక్టోబరు 10న యార్క్ డ్యూకు వెస్ట్‌మినిస్టర్‌లో ప్రభువులు సమావేశమైన మందిరంలోకి వచ్చి ఖాళీ సింహాసనంపై చేయి ఉంచాడు. జయధ్వానాలు వస్తాయని అతడు ఆశించాడు. అందరూ మౌనంగా ఉండిపోయారు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ముందుకు వచ్చి, రాజుగారిని దర్శిస్తారా అని అడిగాడు. ఈ రాజ్యంలో తన వద్దకు రావలసినవారే గాని, తాను వెళ్ళి చూడవలసినవారెవరూ లేరని యార్క్ బదులిచ్చాడు. వార్విక్ సైతం ఈ చర్యను హర్షించలేదు. అప్పటివరకు యార్క్ పక్షం చెప్పినది దుష్టమంత్రులను తొలగించాలని మాత్రమే. రాజును తొలగించాలని కాదు.

యార్క్ తన హక్కును లిఖితపూర్వకంగా సమర్పించాడు. ప్రభువులు దానిని న్యాయమూర్తులకు పంపారు. ఇంత గొప్ప విషయం తమ చట్టజ్ఞానానికి అతీతమని, రాజవంశీయులైన ప్రభువులే తేల్చాలని వారు తప్పుకున్నారు. రాజు తరపు న్యాయవాదులను అడుగగా, న్యాయమూర్తులకే అందనిది తమకెలా అందుతుందని వారూ చేతులెత్తేశారు. ఈ సమాధానాలను పిరికితనమని కొట్టివేయనవసరం లేదు. పొలం ఎవరికి చెందాలో చెప్పే చట్టం ఉన్నది. రాజ్యం ఎవరికి చెందాలో చెప్పే చట్టం ఎవరూ రాసిపెట్టలేదు.

చివరకు ప్రభువులే ఐదు ఆక్షేపణలు లేవనెత్తారు. తామందరూ, యార్క్ కూడా, ఆరవ హెన్రీకి విధేయతా ప్రమాణం చేశారన్నది మొదటిది. లాంకాస్టర్ రాజుల కాలంలో పార్లమెంటు చేసిన శాసనాలు ఉన్నాయన్నది రెండవది. ఆ శాసనాలలో సింహాసనం ఆ వంశానికే చెందుతుందని నిర్ణయించినవీ ఉన్నాయన్నది మూడవది. యార్క్ ఇంతకాలం నాలుగవ అన్నదమ్ముని వంశచిహ్నమే ధరించి, లయొనెల్ చిహ్నం ధరించలేదన్నది నాలుగవది. నాలుగవ హెన్రీ మూడవ హెన్రీ వారసునిగా రాజ్యం పొందాడన్నది ఐదవది.

దైవధర్మానికి విరుద్ధమైన ప్రమాణం కట్టుబాటు కాదని, న్యాయమైన వారసత్వం ఉన్నచోట మరొకరికి రాజ్యమిచ్చే శాసనం చెల్లదని యార్క్ జవాబిచ్చాడు. నాలుగవ హెన్రీ చెప్పినది రాజ్యం కాజేయడానికి కప్పిన ముసుగు అన్నాడు. లయొనెల్ చిహ్నాన్ని ధరించకపోవడానికి దేశమంతటికీ తెలిసిన కారణాలున్నాయని చెబుతూ, హక్కు కొంతకాలం మౌనంగా పడి ఉన్నా చెడిపోదని వాదించాడు. ఈ చివరి మాట చాలా శక్తివంతమైనది, అంతే ప్రమాదకరమైనది. అరవై ఏళ్ళ పాలన, పార్లమెంటు ఆమోదం, ముగ్గురు రాజుల పట్టాభిషేకం కూడా ఒక హక్కును చెరపలేవంటే, ఇక ఏ రాజు సింహాసనమూ పదిలం కాదు. ఆ సంగతి తరువాత యార్క్ కుమారులకే అనుభవమైంది.

అక్టోబరు 25న రాజీ కుదిరింది. దీనిని అంగీకార శాసనం అంటారు. ఆరవ హెన్రీ జీవించినంతకాలం రాజుగా ఉంటాడు. తరువాత రాజ్యం యార్క్‌కు, అతని సంతతికి చెందుతుంది. రాజు కుమారుడైన ఏడేళ్ళ ఎడ్వర్డుకు ఏమీ లేదు. యార్క్ రాజుకంటే పదేళ్ళు పెద్దవాడు కావడం వలన ఈ శాసనంతో లాభపడగలిగినది వాస్తవానికి అతని కుమారులే. ఆరవ హెన్రీ సమ్మతించాడు. రాణి మార్గరెట్ సమ్మతించలేదు. కుమారుని హక్కు కోసం ఆమె ఉత్తరాన, స్కాట్లండులో బలగం కూడగట్టడానికి పూనుకొన్నది. పదకొండేళ్ళపాటు ఆమె సాగించిన పోరాటానికి కారణం ఈ శాసనమే. ఆమెను క్రూరురాలిగా మాత్రమే చిత్రించిన నాటకాలు ఈ సంగతిని మరుగుపరచాయి.

డిసెంబరు 30న వేక్‌ఫీల్డ్ వద్ద యార్క్ డ్యూకు హతుడయ్యాడు. పదిహేడేళ్ళ కుమారుడు ఎడ్మండు కూడా ఆ రోజే మరణించాడు. యార్క్ తలకు కాగితపు కిరీటం పెట్టి యార్క్ నగర ద్వారంపై వ్రేలాడగట్టారు.

నాలుగవ ఎడ్వర్డు

యార్క్ పెద్ద కుమారుడు ఎడ్వర్డుకు అప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఆరడుగులకు మించిన ఎత్తు, యుద్ధంలో ధైర్యం అతనికి ఉన్నాయి. 1461 ఫిబ్రవరి 2న మార్టిమర్స్ క్రాస్ వద్ద గెలిచాడు. ఫిబ్రవరి 17న రాణి సైన్యం సెయింట్ ఆల్బన్స్ వద్ద వార్విక్‌ను ఓడించి రాజును విడిపించినా, ఉత్తరాది సేనల దోపిడీకి భయపడిన లండను పౌరులు ఆమెకు ద్వారాలు తెరువలేదు. ఎడ్వర్డు లండను చేరి మార్చి 4న రాజుగా ప్రకటించుకున్నాడు. రాణి పక్షం తన తండ్రిని చంపి అంగీకార శాసనాన్ని ఉల్లంఘించింది గనుక హెన్రీ హక్కు కోల్పోయాడని అతని వాదం.

మార్చి 29న టౌటన్ వద్ద మంచుతుఫానులో జరిగిన యుద్ధం ఇంగ్లండు గడ్డపై జరిగిన అత్యంత రక్తపాతపు పోరుగా పేరు పొందింది. గాలి వాలు యార్క్ విలుకాండ్రకు కలిసివచ్చింది. మృతులు 28,000 అని నాటి లేఖలలో ఉన్నా, ఇది అతిశయోక్తి అని ఆధునిక చరిత్రకారులలో చాలామంది అభిప్రాయం. ఆ సంవత్సరపు పార్లమెంటు గడచిన ముగ్గురు లాంకాస్టర్ రాజులూ న్యాయసమ్మతమైన రాజులు కారని ప్రకటించింది. అయితే వారి కాలపు న్యాయస్థానాల తీర్పులు చెల్లుతాయన్నది. లేకపోతే దేశంలో ఆస్తి గల ప్రతివాడూ వ్యాజ్యంలో పడేవాడు.

1464లో ఎడ్వర్డు ఎలిజబెత్ వుడ్‌విల్ అనే వితంతువును రహస్యంగా పెళ్ళాడాడు. ఆమె మొదటి భర్త లాంకాస్టర్ పక్షాన పోరాడి మరణించినవాడు. ఫ్రెంచి రాజకుటుంబంతో వివాహ సంబంధం కుదర్చాలని వార్విక్ ప్రయత్నిస్తుండగా ఈ సంగతి బయటపడింది. రాణి బంధువులకు పదవులు, గొప్పింటి సంబంధాలు దక్కసాగాయి. 1469లో వార్విక్ తిరుగుబాటు చేసి, తన పెద్ద కుమార్తెను రాజు తమ్ముడైన క్లారెన్స్ డ్యూకు జార్జికి ఇచ్చి వివాహం జరిపించాడు. అది ఫలించక 1470లో ఫ్రాన్సుకు పారిపోయి, పదేళ్ళు తాను ఎదిరించిన రాణి మార్గరెట్‌కు మోకరిల్లి సంధి చేసుకున్నాడు. ఆ అక్టోబరులో ఆరవ హెన్రీ లండను టవర్ చెర నుండి తిరిగి సింహాసనానికి వచ్చాడు. ఎడ్వర్డు సముద్రం దాటి బర్గండీ డ్యూకు రాజ్యంలో తలదాచుకున్నాడు.

1471 మార్చిలో ఎడ్వర్డు తిరిగి వచ్చినప్పుడు దిగిన చోటు రావెన్‌స్పర్. 1399లో నాలుగవ హెన్రీ దిగిన చోటు అదే. చెప్పిన మాట కూడా అదే: రాజ్యం కోసం కాదు, తండ్రి ఆస్తి అయిన యార్క్ డ్యూకు పదవి కోసం వచ్చానన్నాడు. యార్క్ నగరం ద్వారాలు తెరిచింది. తమ్ముడు క్లారెన్స్ మళ్ళీ అన్న పక్షం చేరాడు. ఏప్రిల్ 14న బార్నెట్ వద్ద పొగమంచులో వార్విక్ మరణించాడు. మే 4న ట్యూక్స్‌బరీ వద్ద మార్గరెట్ కుమారుడు ఎడ్వర్డు పదిహేడేళ్ళ వయస్సులో హతుడయ్యాడు. మే 21 రాత్రి ఆరవ హెన్రీ లండను టవర్‌లో మరణించాడు. దుఃఖంతో మరణించాడని యార్క్ పక్షం చెప్పిన మాటను నమ్మినవారు తక్కువ. కుమారుడు జీవించి ఉన్నంతకాలం తండ్రిని చంపి ప్రయోజనం లేదు. కుమారుడు పోయిన తరువాత తండ్రిని బ్రతకనీయనవసరం లేదు.

తరువాత పన్నెండేళ్ళు దేశం శాంతంగా ఉన్నది. క్లారెన్స్ మాత్రం కుట్రలు మానక 1478లో అటెయిండర్‌కు గురై మరణశిక్ష పొందాడు.

మూడవ రిచర్డు

1483 ఏప్రిల్ 9న నాలుగవ ఎడ్వర్డు మరణించగా పన్నెండేళ్ళ కుమారుడు ఐదవ ఎడ్వర్డు రాజయ్యాడు. పినతండ్రి గ్లౌస్టర్ డ్యూకు రిచర్డు సంరక్షకుడుగా నియమితుడై, బాలుని మేనమామ రివర్స్ ప్రభువును నిర్బంధించి, జూన్ 13న హేస్టింగ్స్ ప్రభువును విచారణ లేకుండా శిరచ్ఛేదం చేయించాడు. రాణి ఎలిజబెత్ చిన్న కుమారునితో వెస్ట్‌మినిస్టర్ ఆబీలో శరణు పొందింది. జూన్ 16న ఆ పిల్లవానిని కూడా అప్పగించవలసి వచ్చింది. జూలై 6న రిచర్డు పట్టాభిషిక్తుడయ్యాడు. అన్నదమ్ములిద్దరూ ఆ వేసవి తరువాత ఎవరికీ కనిపించలేదు. వారేమయ్యారన్నది నేటికీ వివాదాస్పదం. రిచర్డే చంపించాడన్నది అధిక సంఖ్యాకుల అభిప్రాయం.

1484 నాటి పార్లమెంటు ఆమోదించిన "టైట్యులస్ రెజియస్" అనే శాసనంలో రిచర్డు హక్కు వివరించబడింది. నాలుగవ ఎడ్వర్డు ఎలిజబెత్‌ను పెళ్ళాడక ముందే ఎలియనార్ బట్లర్ అనే స్త్రీతో వివాహ ఒప్పందం చేసుకున్నాడని, అందువలన రెండవ వివాహం చెల్లదని, పిల్లలు అక్రమ సంతానమని అందులోని వాదం. ఎలియనార్ 1468లోనే మరణించింది. ఆమెను అడిగే అవకాశం లేదు. వివాహం చెల్లుతుందా లేదా అన్నది ఆనాడు చర్చి న్యాయస్థానాలు తేల్చవలసిన విషయం, పార్లమెంటు కాదు. రిచర్డుకు అన్న అయిన క్లారెన్స్ కుమారునికి తండ్రిపై పడిన అటెయిండర్ కారణంగా హక్కు లేదన్నారు. ఈ రెండవ కారణం బలహీనమైనది. యార్క్ డ్యూకు తండ్రి కేంబ్రిడ్జి ఎర్ల్ కూడా రాజద్రోహిగా శిరచ్ఛేదం పొందినవాడే. యార్క్ సింహాసనం కోరడానికి అది అడ్డు కాలేదు.

ఏడవ హెన్రీ

లాంకాస్టర్ పక్షానికి మిగిలిన వారసుడు హెన్రీ ట్యూడర్. 1457లో వేల్స్‌లోని పెంబ్రోక్ కోటలో అతడు జన్మించేనాటికి తండ్రి లేడు. తల్లి మార్గరెట్ బోఫోర్ట్ వయస్సు పదమూడేళ్ళు. 1471 నుండి పద్నాలుగేళ్ళు బ్రిటనీ, ఫ్రాన్సులలో ప్రవాసం గడిపాడు. అతని హక్కు చాలా పలుచనిది. జాన్ ఆఫ్ గాంట్‌కు కాథరీన్ స్విన్‌ఫర్డ్ వలన వివాహానికి పూర్వం కలిగిన సంతానమే బోఫోర్ట్ కుటుంబం. 1397లో రెండవ రిచర్డు, పార్లమెంటు వారిని సక్రమ సంతానంగా గుర్తించారు. 1407లో నాలుగవ హెన్రీ ఆ గుర్తింపును ధ్రువీకరిస్తూ, రాజపదవి మినహా అనే మాట చేర్పించాడు. తండ్రి వైపు చూస్తే, ఐదవ హెన్రీ భార్య కాథరీన్ వితంతువైన తరువాత ఓవెన్ ట్యూడర్ అనే వేల్స్ కులీనుని వలన కన్న కుమారుడు హెన్రీ తండ్రి. దాని వలన ఇంగ్లండుపై హక్కేమీ రాదు. తల్లి ద్వారా హక్కు ఉన్నదంటే, ఆ తల్లి జీవించే ఉన్నది. హక్కు మొదట ఆమెది కావాలి.

అందుకే 1483 క్రిస్మస్ నాడు రెన్ నగరపు చర్చిలో నాలుగవ ఎడ్వర్డు కుమార్తె ఎలిజబెత్‌ను పెళ్ళాడతానని హెన్రీ ప్రమాణం చేశాడు. దానితో రిచర్డుపై కోపించిన యార్క్ పక్షీయులు కూడా అతనితో చేరారు. 1485 ఆగస్టు 7న వేల్స్ తీరాన దిగి, ఆగస్టు 22న బాస్‌వర్త్ వద్ద రిచర్డును ఎదుర్కొన్నాడు. హెన్రీ సవతి తండ్రి స్టాన్లీ ప్రభువు, అతని తమ్ముడు విలియం తమ సైన్యాలతో పక్కన నిలిచి చూస్తున్నారు. రిచర్డు నేరుగా హెన్రీపైకి గుర్రం దూకించిన సమయంలో విలియం స్టాన్లీ హెన్రీకి సాయం వచ్చాడు. రిచర్డు పోరాడుతూ మరణించాడు. యుద్ధభూమిలో మరణించిన చివరి ఇంగ్లండు రాజు అతడే.

హెన్రీ తన హక్కును నిర్మించుకున్న తీరు గమనింపదగినది. అక్టోబరు 30న పట్టాభిషేకం, నవంబరులో పార్లమెంటు, మరుసటి జనవరి 18న వివాహం ఈ వరుసలో జరిగాయి. రాజ్యం భార్య వలన వచ్చిందన్న మాట రాకుండా ఈ జాగ్రత్త. పార్లమెంటు శాసనం రాజ్యం హెన్రీలోనూ అతని సంతతిలోనూ నిలిచి ఉన్నదని మాత్రమే ప్రకటించింది, ఎందుకో చెప్పలేదు. 1484లో అతనిపై పడిన అటెయిండర్ సంగతి ఏమిటన్న ప్రశ్నకు, కిరీటం ధరించగానే అది తనంతట తానే తొలగిపోయిందని న్యాయమూర్తులు తేల్చారు. 1460లో నోరు విప్పని న్యాయమూర్తుల పీఠం 25 ఏళ్ళ తరువాత ఇంత సూటిగా మాట్లాడింది. తన పాలన యుద్ధానికి ముందురోజైన ఆగస్టు 21న ఆరంభమైనట్లు హెన్రీ లెక్క వేయించి, అభిషిక్తుడైన రాజు పక్షాన పోరాడినవారిని రాజద్రోహులను చేశాడు. టైట్యులస్ రెజియస్‌ను సభలో చదవకుండానే రద్దు చేసి, ప్రతులన్నీ నాశనం చేయమని ఆజ్ఞాపించాడు. అయినా అది పూర్తిగా నశించలేదు. రద్దు చేయకపోతే తాను పెళ్ళాడబోయే ఎలిజబెత్ అక్రమ సంతానంగానే ఉండిపోయేది. రద్దు చేస్తే ఆమె తమ్ములు సక్రమ వారసులవుతారు. వారు జీవించి ఉంటే రాజ్యం వారిది.

తరువాతి వారసులు

ఆ సందేహాన్నే ఇద్దరు యువకులు వాడుకున్నారు. క్లారెన్స్ కుమారుడైన వార్విక్ ఎర్ల్‌నని చెప్పుకున్న లాంబర్ట్ సిమ్నెల్‌కు 1487 మేలో డబ్లిన్‌లో కిరీటం పెట్టారు. నిజమైన వార్విక్ ఎర్ల్ అప్పుడు హెన్రీ చెరలోనే ఉన్నాడు. స్టోక్ ఫీల్డ్ వద్ద సిమ్నెల్ పక్షం ఓడిన తరువాత, ఆ బాలుడు ఇతరుల చేతిలో పావు అయినవాడని గుర్తించి హెన్రీ అతనికి వంటశాలలో పని ఇచ్చాడు. టవర్‌లో అదృశ్యమైన రాకుమారులలో చిన్నవాడినని చెప్పుకున్న పెర్కిన్ వార్‌బెక్‌ను స్కాట్లండు రాజు, బర్గండీ వితంతు డచెస్ ఆదరించారు. అతడు 1497లో పట్టుబడి 1499 నవంబరులో ఉరితీయబడ్డాడు. ఆ వ్యవహారంలో బాస్‌వర్త్ విజేతను కాపాడిన విలియం స్టాన్లీ సైతం 1495లో తల పోగొట్టుకున్నాడు. పదేళ్ళ వయస్సు నుండి చెరలో పెరిగిన వార్విక్ ఎర్ల్‌ను వార్‌బెక్ తరువాత కొద్దిరోజులకే శిరచ్ఛేదం చేశారు. పుట్టుక తప్ప అతడు చేసిన నేరం చెప్పుకోదగినదేమీ లేదు. అతని అక్క మార్గరెట్ పోల్ 1541లో ఎనిమిదవ హెన్రీ ఆజ్ఞతో అదే గతి పొందింది.

సామాన్య ప్రజలపై ఈ యుద్ధాల ప్రభావం గురించి భిన్నాభిప్రాయాలున్నాయి. సైన్యాలు కదిలిన కాలం మొత్తం మీద స్వల్పం. పట్టణాల దహనం, ముట్టడులు అరుదు. యుద్ధపు కష్టం ఇంగ్లండులో ప్రజలకంటే ప్రభువులపైనే పడిందని సమకాలికుడైన ఫ్రెంచి రచయిత ఫిలిప్ ద కమీన్ అభిప్రాయపడ్డాడు.

రిచర్డు అవశేషాలు

మూడవ రిచర్డు దేహాన్ని లెస్టర్‌లోని గ్రేఫ్రయర్స్ మఠంలో పూడ్చిపెట్టారు. ఆ మఠం తరువాత శిథిలమై చోటు మరుగునపడింది. 2012లో ఒక కార్ల పార్కింగు స్థలం కింద జరిపిన త్రవ్వకాలలో వంగిన వెన్నెముక, తలపై యుద్ధగాయాలు గల అస్థిపంజరం దొరికింది. రిచర్డు సోదరి సంతతిలో తల్లి వరుసన వచ్చినవారి డి.ఎన్.ఎ.తో సరిపోవడంతో అది అతనిదేనని 2013 ఫిబ్రవరిలో ప్రకటించారు. తండ్రి వరుసన పరీక్ష మాత్రం వేరే ఫలితం ఇచ్చింది. జాన్ ఆఫ్ గాంట్ వంశీయులుగా నమోదైన నేటి పురుషుల డి.ఎన్.ఎ. రిచర్డుతో కలువలేదని 2014లో పరిశోధకులు వెల్లడించారు. మూడవ ఎడ్వర్డు నుండి రెండు వైపులా సాగిన అనేక తరాలలో ఎక్కడో ఒకచోట వ్రాతలో ఉన్న తండ్రి అసలు తండ్రి కాడని దీని అర్థం. అది ఏ తరంలో జరిగిందో ఈ పరీక్ష చెప్పలేదు.

2015 మార్చి 26న రిచర్డు అవశేషాలను లెస్టర్ కెథడ్రల్‌లో మళ్ళీ ఖననం చేశారు. బ్రిటిషు సింహాసన వారసత్వంలో తమ్ముని కంటే అక్కకు వెనుక స్థానం ఇచ్చే నియమాన్ని తొలగించిన 2013 నాటి శాసనం అమలులోకి వచ్చింది కూడా అదే రోజున. 2011 అక్టోబరు 28 తరువాత జన్మించినవారికి అది వర్తిస్తుంది.